ఏడుగురు కొడుకుల కన్నా

బేత్లెహేములో కరువొచ్చింది. ఎలీమెలెకు భార్య నయోమినీ ఇద్దరు కొడుకులనూ వెంటబెట్టుకుని మోయాబుకు వలసపోయాడు. ఉద్దానం వాసులకు ఈ కథ విడమరచి చెప్పనక్కర లేదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు తీర గ్రామాల నుంచి ఎందరో మత్స్యకారులు ఏటా గుజరాత్‌లోని వెరావల్‌కు వెళ్తున్నారు. అక్కడ ఆరేడుగురు ఒకే బోటులో తండేలు మాట మీద నెలల తరబడి బతుకుతారు. బావా, మామా అని పిలుచుకుంటూ ఒకే కుండలో వండుకుని తింటారు.

2018 నవంబరులో సరిహద్దు దాటారంటూ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారుల్ని పాకిస్తాన్ నిర్బంధించింది. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా వద్ద విడుదలయ్యారు. అదే ఏడాది లాక్‌డౌన్‌లో వేలాదిమంది తెలుగువాళ్లు వెరావల్ హార్బరులో బోట్ల మీదే చిక్కుకుపోయారు. అలాంటి వేళల్లో పక్కనున్నవాడే అన్న, వాడే తమ్ముడు.

మరి ఇక్కడ మిగిలిన తల్లిదండ్రుల సంగతి? ఉద్దానాన్ని కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి పీడిస్తోంది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు. యంత్రం రక్తాన్ని శుద్ధి చేస్తుంది కానీ నీరసించిన మనిషిని చెయ్యి పట్టుకుని ఇల్లు చేర్చలేదు. చేర్చవలసిన కొడుకు సముద్రంలో ఉన్నాడు.

నయోమి భర్తనూ కొడుకులనూ పరాయిదేశంలోనే పోగొట్టుకుంది. వెంట వచ్చిన కోడలు రూతు మోయాబీయురాలు, రక్తసంబంధం లేనిది. ఆమె ప్రేమ మాటలతో ఆగలేదు. పగలంతా పొలంలో పరిగె ఏరి, సాయంత్రం యవలు దులిపి అత్త ఇంటికి మోసుకొచ్చింది (రూతు 2:17, 18). ఏడుగురు కొడుకుల కన్నా ఈమే మేలని చివరికి ఊరి స్త్రీలే నయోమితో అన్నారు (రూతు 4:15).

ప్రియమైన విశ్వాసులారా, వలస వెళ్లినవారి క్షేమం కోసం మనం ఆదివారం ప్రార్థిస్తున్నాం. అది మానవద్దు. అయితే వారి కన్నవారిని చూసుకోవడం ఆ ప్రార్థనలో సగభాగం. సంఘంలోనూ, మన వీధిలోనూ డయాలసిస్‌కు వెళ్లేవారెవరో, ఏ రోజుల్లో వెళ్తారో రాసుకుందాం. మన మందిరానికి రానివారిని వదిలేయవద్దు. రూతు కూడా ఒకప్పుడు బయటి మనిషే. సిలువ మీద వేలాడుతూ ప్రభువు తన తల్లిని శిష్యుడికి అప్పగించాడు. ఆ శిష్యుడు ఆ గడియ నుంచే ఆమెను తన ఇంట చేర్చుకున్నాడు (యోహాను 19:26, 27).

రేపు పొద్దున్నే పలాస ఆసుపత్రికి బయలుదేరే ఆటోలో ఆ తల్లి పక్కన మనలో ఎవరు కూర్చుంటారు?