"మా మనస్సాక్షి ఒప్పుకోదు" అని ఆసుపత్రిలో చెబితే మీరేం చేయాలి?

సుమారు ఇరవై సంవత్సరాల క్రితం నేను వేరొక ఆసుపత్రిలో ప్రసూతి వార్డులో పనిచేసేదాన్ని. ఒక తల్లికి మూడవ కాన్పు. మూడూ సిజేరియన్లే. బిడ్డను తెచ్చి చూపించగానే ఆమె అత్తగారు, "సిస్టరమ్మా, పనిలో పనిగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేసేశారు కదా?" అని అడిగారు.

ఆ ఆసుపత్రి నడిపేవారి విశ్వాసం ప్రకారం అక్కడ కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయరు. ఆ సంగతి మా అందరికీ తెలుసు. ఆ కుటుంబానికి మాత్రం తొమ్మిది నెలల్లో ఒక్కరూ చెప్పలేదు. ఓ.పి.లో ఆమెకు బి.పి. చూసింది నేనే. నేనూ చెప్పలేదు. "ముందే చెబితే వేరేచోటికి పోయేవాళ్లం కదమ్మా! మళ్లీ కోత కోయించుకోవాలా?" అన్నారు ఆ పెద్దావిడ. నా దగ్గర జవాబు లేదు. మేము ఆ ఆపరేషన్ చేయకపోవడం కన్నా, చెప్పకపోవడమే పెద్ద తప్పని ఆ రోజు నాకు అర్థమైంది. ఆ అనుభవంతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మనస్సాక్షి అభ్యంతరం అంటే ఏమిటి?

గర్భస్రావం, కుటుంబ నియంత్రణ వంటి కొన్ని పనులలో పాల్గొనడం తన విశ్వాసానికి విరుద్ధమని ఒక డాక్టరు గాని, నర్సు గాని భావించవచ్చు. దీనినే మనస్సాక్షి అభ్యంతరం అంటారు. నేనూ విశ్వాసినే. నా మనస్సు ఒప్పుకోని పనులు నాకూ ఉన్నాయి. అందువలన ఇలా చెప్పేవారిని నేను తక్కువగా చూడను.

అయితే ఒక తేడా గమనించండి. అభ్యంతరం ఒక పని మీద ఉండవచ్చు, మనిషి మీద ఉండకూడదు. "ఈ అమ్మాయికి పెళ్లి కాలేదు, నేను ముట్టుకోను" అనడం, "ఇతనికి హెచ్.ఐ.వి. ఉంది, డ్రెస్సింగ్ చేయను" అనడం మనస్సాక్షి కాదు, వివక్ష. హెచ్.ఐ.వి. ఉన్నవారికి వైద్యం నిరాకరించడాన్ని మన దేశంలో 2017లో చేసిన చట్టం నిషేధిస్తోంది.

నియమాలు ఏమి చెబుతున్నాయి?

మన దేశంలో డాక్టర్ల ప్రవర్తనకు 2002లో నియమావళి వచ్చింది. వైద్యపరమైన అవసరం ఉన్నప్పుడు, కేవలం మతకారణం చూపి కుటుంబ నియంత్రణకు గాని, గర్భస్రావానికి గాని సహాయం నిరాకరించకూడదని అందులో ఉంది. ఆ పని చేసే నైపుణ్యం తనకు లేదని డాక్టరు భావిస్తే అది వేరే సంగతి. నర్సుల అంతర్జాతీయ మండలి నియమావళి కొన్ని పనులలో పాల్గొనకుండా ఉండే స్వేచ్ఛను నర్సుకు ఇస్తుంది. కాని రోగికి కావలసిన సేవ గౌరవంగా, సకాలంలో అందేలా చూసే బాధ్యత ఆ నర్సుదేనని కూడా చెబుతుంది.

బ్రిటన్‌లో 1967 నాటి గర్భస్రావ చట్టమే ఈ అభ్యంతరానికి చోటిచ్చింది. తల్లి ప్రాణం కాపాడవలసి వచ్చినప్పుడు మాత్రం అది చెల్లదు. గ్లాస్గోకు చెందిన ఇద్దరు మిడ్‌వైఫ్‌లు, ఇటువంటి కేసులు చూసే ఇతర నర్సులను పర్యవేక్షించడానికి కూడా తమ మనస్సాక్షి ఒప్పుకోదని కోర్టుకు వెళ్లారు. ఆ స్వేచ్ఛ స్వయంగా చేతులతో చేసే పనికే వర్తిస్తుందని, పర్యవేక్షణకు వర్తించదని 2014లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది.

ప్రాణాపాయంలో అభ్యంతరానికి చోటు లేదు

రక్తం పోతున్న మనిషి ముందు నిలబడి "నా విశ్వాసం" అనకూడదు. అత్యవసర పరిస్థితిలో ప్రభుత్వ డాక్టరైనా, ప్రైవేటు డాక్టరైనా ప్రాణం కాపాడే వైద్యం అందించాలని మన సుప్రీంకోర్టు 1989లోనే తీర్పు చెప్పింది. మామూలుగా గర్భస్రావం ప్రభుత్వ ఆసుపత్రులలో లేదా అనుమతి పొందిన ఆసుపత్రులలోనే చేయాలి. వారాల పరిమితి కూడా ఉంది. కాని తల్లి ప్రాణం కాపాడడానికి వెంటనే చేయక తప్పదని డాక్టరు భావిస్తే ఈ పరిమితులు అడ్డు రావని 1971 నాటి చట్టమే చెబుతోంది.

ఆలస్యం ఎంత ప్రమాదమో 2012లో ఐర్లండులో తెలిసింది. కర్ణాటకకు చెందిన దంతవైద్యురాలు సవితా హలప్పనవర్‌కు 17వ వారంలో గర్భం నిలవని పరిస్థితి వచ్చింది. గర్భం తీసివేయమని ఆమె అడిగారు. బిడ్డ గుండె కొట్టుకుంటోందని అప్పుడు చేయలేదు. రక్తంలో ఇన్ఫెక్షన్ పాకి ఆమె మరణించారు. అక్కడ అడ్డుపడింది ఒక నర్సు మనస్సాక్షి కాదు, అప్పటి ఆ దేశ చట్టం. ఇన్ఫెక్షన్‌ను సకాలంలో గుర్తించకపోవడం కూడా లోపమేనని విచారణలో తేలింది. కారణం ఏదైనా, ఇన్ఫెక్షన్ మన కోసం ఆగదు. 2018లో ఐర్లండు చట్టం మార్చుకుంది. ఇప్పుడు అక్కడ డాక్టరు అభ్యంతరం చెప్పవచ్చు, కాని రోగిని వేరొకరికి అప్పగించే ఏర్పాటు చేయాలి. అత్యవసరంలో అభ్యంతరం చెల్లదు.

మీరు చేయవలసినవి

1. కాన్పుకు పేరు రాయించుకునేటప్పుడే అడగండి: "కాన్పుతోపాటు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఇక్కడ చేస్తారా? ఇక్కడ చేయనివి ఇంకేమున్నాయి?" ఏడవ నెల దాటకముందే అడిగితే నిర్ణయం తీసుకోవడానికి సమయం ఉంటుంది.

2. "చేయము" అంటే గొడవ పడకండి. "ఎక్కడ చేస్తారో చెప్పి, చీటీ రాసి ఇవ్వండి" అని అడగండి. కేస్ షీటు నకలు, స్కానింగ్, రక్తపరీక్షల రిపోర్టులు తీసుకోండి.

3. కాన్పుతో ఆపరేషన్ కాలేదని దిగులు పడకండి. మామూలు కాన్పు అయితే ఏడు రోజుల లోపల చేయించుకోవచ్చు. అది దాటితే ఆరు వారాల తరువాత చేయించుకోవచ్చు. ఈలోగా ఏ పద్ధతి పాటించాలో డాక్టరును అడగండి. మగవారికి చేసే ఆపరేషన్ ఇంకా చిన్నది. భర్తలు కూడా ఆలోచించాలి.

4. గర్భిణికి గాని, గర్భం పోయిన స్త్రీకి గాని ఈ లక్షణాలు కనబడితే ఒక్క నిమిషం ఆగకండి: గంటకు రెండు ప్యాడ్లు తడిసేంత రక్తస్రావం, చలితో జ్వరం, దుర్వాసనతో స్రావం, భరించలేని కడుపునొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం. 108కి ఫోన్ చేయండి లేదా దగ్గరి ఆసుపత్రికి తీసుకువెళ్లండి. బయట మాత్రలు వేసుకొని ఉంటే దాచకుండా చెప్పండి. ఆమె ఏమి చేసి వచ్చినా, ఆ సమయంలో వైద్యం పొందే హక్కు ఆమెకు ఉంది.

5. ఎవరైనా నర్సు ముఖం తిప్పుకుంటే లేదా సూటిపోటి మాటలంటే వార్డు ఇన్‌చార్జి సిస్టరుకు, అక్కడ కాకపోతే సూపరింటెండెంటుకు చెప్పండి. ఆ నర్సు చేయలేని పనికి మరొకరిని పెట్టడం ఆసుపత్రి బాధ్యత.

చివరిగా ఒక మాట

ఆ తల్లి మూడు నెలల తరువాత జిల్లా ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకుందని విన్నాను. క్షేమంగానే ఉంది. కాని చంటిబిడ్డను ఇంట్లో వదిలి, మరొకసారి బాధ పడింది. అప్పటి నుండి నేను ఏ వార్డులో పనిచేసినా, గర్భిణి మొదటిసారి వచ్చిన రోజే ఆ ఆసుపత్రిలో చేసేవి, చేయనివి చెబుతున్నాను. ఎవరైనా చెప్పడం మరచిపోతే మీరే అడగండి. అడిగినందుకు ఏ సిస్టరూ మిమ్మల్ని తప్పు పట్టకూడదు.