పెరిగే నగరానికి ఎంత విద్యుత్తు కావాలి?

ఈ భాగం చదివిన తరువాత మీరు
• విద్యుత్ వినియోగానికీ గరిష్ఠ గిరాకీకీ గల తేడాను చెప్పగలుగుతారు;
• దీర్ఘకాలిక గిరాకీని అంచనా వేసే రెండు పద్ధతులను వివరించగలుగుతారు;
• అంచనా తప్పితే కలిగే నష్టాలను గుర్తించగలుగుతారు.

1. ముందుగా ఎందుకు లెక్కించాలి?

మీ వీధిలో కొత్త ఇల్లు కడితే కరెంటు కనెక్షను కొద్ది రోజులలో ఇవ్వవచ్చు. కాని విద్యుత్కేంద్రాలు, పెద్ద లైన్లు, సబ్‌స్టేషన్లు సిద్ధం కావడానికి ఏళ్లు పడుతుంది. అందువల్ల పది, ఇరవై ఏళ్ల తరువాతి అవసరాన్ని ఇప్పుడే అంచనా వేయాలి. మన దేశంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఇందుకోసం సర్వేలు జరుపుతుంది. 20వ సర్వే నివేదిక 2022లో వెలువడింది.

ఏడాది పొడవునా మనం వాడే విద్యుత్తును యూనిట్లలో కొలుస్తాము. ఆ ఏడాదిలో ఏదో ఒక సమయంలో అందరికీ కలిపి అత్యధికంగా కావలసిన విద్యుత్తును ‘గరిష్ఠ గిరాకీ’ అంటాము. దీనిని మెగావాట్లలో కొలుస్తాము. లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు ఈ గిరాకీని తట్టుకోగలగాలి.

2. గతాన్ని బట్టి అంచనా

ఢిల్లీ గరిష్ఠ గిరాకీ 2002లో సుమారు 2,900 మెగావాట్లు. 2024 జూన్ 19న అది 8,656 మెగావాట్లకు చేరింది. అంటే 22 ఏళ్లలో దాదాపు మూడు రెట్లయింది. సగటున ఏడాదికి 5 శాతం పెరుగుదల. ఇదే వేగం కొనసాగితే సుమారు 14 ఏళ్లలో గిరాకీ రెట్టింపవుతుంది.

ఈ పద్ధతి సులభం. కాని పెరుగుదలకు కారణమేమిటో ఇది చెప్పదు. 2019లో 7,409 మెగావాట్లున్న ఢిల్లీ గిరాకీ, కోవిడ్ వచ్చిన 2020లో సుమారు 6,300కు తగ్గింది. గత లెక్కలు మాత్రమే చూసినవారు దీనిని ఊహించలేరు.

3. వాడకాన్ని బట్టి అంచనా

ఒక ఊహాపట్టణాన్ని తీసుకుందాం. అక్కడ లక్ష ఇళ్లున్నాయి. నూటికి 10 ఇళ్లలో 1.5 కిలోవాట్ల ఏసీ ఒక్కొక్కటి ఉంది. వాటిలో సగం ఒకేసారి నడుస్తాయనుకుందాం.

10,000 × 1.5 × ½ = 7,500 కిలోవాట్లు, అంటే 7.5 మెగావాట్లు.

పదిహేనేళ్లకు ఇళ్లు రెండు లక్షలై, నూటికి 40 ఇళ్లలో ఏసీలు వస్తే:

80,000 × 1.5 × ½ = 60 మెగావాట్లు.

ఇళ్లు రెట్టింపయ్యాయి, ఏసీల గిరాకీ ఎనిమిది రెట్లయింది! అందరూ 1.2 కిలోవాట్ల ఏసీలే కొంటే 48 మెగావాట్లు చాలు. కాబట్టి జనాభాతోపాటు ప్రజల ఆదాయం, అలవాట్లు, పరికరాల నాణ్యత కూడా లెక్కలోకి రావాలి.

4. అంచనా తప్పితే?

తక్కువగా అంచనా వేస్తే వేసవిలో కోతలు తప్పవు. ఎక్కువగా వేస్తే, ఒప్పందం ప్రకారం వాడని విద్యుత్తుకూ స్థిర ఛార్జీలు కట్టవలసి వస్తుంది. ఆ భారం చివరకు మన బిల్లులోనే చేరుతుంది. అందుకే ఒకే అంకెను నమ్ముకోకుండా తక్కువ, మధ్యస్థ, ఎక్కువ అనే మూడు అంచనాలు వేసుకొని, కొన్నేళ్లకొకసారి సరిచూసుకోవడం మంచిది.

పాఠ్యగత ప్రశ్న: పై పట్టణంలో పదిహేనేళ్లకు నూటికి 30 ఇళ్లలోనే 1.5 కిలోవాట్ల ఏసీలు ఉంటే గిరాకీ ఎంత?
(జవాబు: 45 మెగావాట్లు)