సెనేటర్‌కి రాసిన ఉత్తరం చివరికి ఎవరిది?

అమెరికాలో ఒకాయనకి మాజీ సైనికుల పెన్షన్ ఆగిపోయింది, ఇంకొకరి గ్రీన్ కార్డు ఫైలు కదలట్లేదు అనుకోండి. వాళ్లు తమ రాష్ట్ర సెనేటర్ ఆఫీసుకి రాస్తారు. అక్కడున్న మన తెలుగువాళ్లకీ ఈ దారి ఉంది. దీన్ని కేస్‌వర్క్ అంటారు.

ముందు అనుమతి పత్రం మీద సంతకం పెట్టాలి. 1974 ప్రైవసీ చట్టం వల్ల, మీ వివరాలు బయటికి ఇవ్వాలంటే శాఖకి మామూలుగా మీ రాతపూర్వక అనుమతి కావాలి. సెనేటర్ ఆజ్ఞ వెయ్యలేరు. "ఎక్కడిదాకా వచ్చింది?" అని అడగగలరు. ఒక్కోసారి ఆ అడగడంతోనే ఫైలు కదులుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. సెనేటర్ దిగిపోయాక ఆ ఉత్తరాలు ఎవరివి? అధ్యక్షుడి అధికారిక కాగితాలు ప్రభుత్వ సొత్తని 1978లో చట్టం చేశారు. సెనేటర్ సొంత ఆఫీసు కాగితాలు మాత్రం ఇప్పటికీ ఆయన ఆస్తే. కొందరు యూనివర్సిటీలకి ఇస్తారు. బాబ్ డోల్ కాగితాలు కాన్సస్ యూనివర్సిటీలో ఉన్నాయి. కేస్‌వర్క్ ఫైళ్లని కొన్నిచోట్ల ఏళ్ల తరబడి మూసి ఉంచుతారు, కొన్నిచోట్ల చించేస్తారు.

ఇంకోటి. అక్కడి సమాచార చట్టం కాంగ్రెస్‌కి వర్తించదు, ప్రభుత్వ శాఖలకి వర్తిస్తుంది. కాబట్టి సెనేటర్ రాసిన ఉత్తరం శాఖ దగ్గర ఉంటే ఎవరైనా అడగొచ్చు. వ్యక్తిగత వివరాలు కొట్టేసి ఇస్తారు.

ఆ ఉత్తరాల్లో రోగాలుంటాయి, అప్పులుంటాయి. బయటపెడితే మనిషి పరువు పోతుంది. చించేస్తే, మామూలు మనిషిని ప్రభుత్వం ఎన్నాళ్లు తిప్పించుకుందో రేపటివాళ్లకి తెలీదు. నేనైతే తాళం వెయ్యమంటాను, చించొద్దంటాను. మీరూ ఆలోచించండి. ఉంటాను మరి.