కంప్యూటర్ టెలిస్కోపుకు కళ్లు లేవు: ఖరగ్‌పూర్ మేడ మీద అరగంట పని

పేరు నొక్కితే చాలు, గొట్టం తానే తిరిగి శనిగ్రహాన్ని చూపిస్తుంది. కంప్యూటర్ టెలిస్కోపు కొనేవారికి అమ్మేవారు చెప్పే మాట ఇది. వేల రూపాయలు పోసి ఇంటికి తెచ్చాక మొదటి రాత్రి జరిగేది వేరు. మీటలు నొక్కితే మోటార్లు గిర్రున తిరుగుతాయి, గొట్టం వెళ్లి పక్కింటి నీళ్ల ట్యాంకు వైపు నిలబడుతుంది. పిల్లలు నిద్రకు లేస్తారు. నాలుగు రాత్రులు ఇలా గడిస్తే టెలిస్కోపు అటకెక్కుతుంది. చాలాసార్లు లోపం పరికరంలో ఉండదు. చూడటానికి ముందు చేయాల్సిన అరగంట పనిలో ఉంటుంది.

ఆ పనిని ఒక ఊరి లెక్కలతో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఖరగ్‌పూర్‌ను తీసుకుందాం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్రవాళ్లు ఉద్యోగాలకు వెళ్లి స్థిరపడిన పశ్చిమ బెంగాల్ రైల్వే పట్టణం ఇది. ఇక్కడ ఎవరికీ రైల్వే టైమ్ టేబుల్ గురించి చెప్పనక్కర్లేదు. బండి ఎన్ని గంటలకు ఎక్కడ ఉండాలో అందులో ఉంటుంది. నిజంగా ఎక్కడుందో ఉండదు. టెలిస్కోపు కంప్యూటర్ కూడా అంతే. దానికి ఆకాశం కనిపించదు. మీరు చెప్పిన ఊరు, తేదీ, గంటలను బట్టి ఏ నక్షత్రం ఎక్కడ ఉండాలో లెక్క కడుతుంది. ఆ లెక్కను అసలు ఆకాశంతో కలిపే బాధ్యత మీది. అందుకు పనికొచ్చే సాధనం గొట్టం మీద చిన్నగా కనిపించే వ్యూఫైండర్.

పగలే ఫైండర్ సరిచేయండి

ఫైండర్‌ను రాత్రి చీకట్లో సరిచేయబోవడం దగ్గరే చాలామంది ఇబ్బంది పడతారు. ఇది పగటి పని. ముందుగా తక్కువ పెద్దది చేసే ఐపీస్, సాధారణంగా 25 మిల్లీమీటర్లది, పెట్టండి. కనీసం అర కిలోమీటరు దూరంలో ఉన్న సెల్ టవర్ కొసనో, యార్డులోని లైట్ల స్తంభాన్నో ఐపీస్ మధ్యకు తెచ్చుకోండి. ఇక గొట్టాన్ని కదపకండి. ఫైండర్ మరలు మాత్రం తిప్పుతూ దాని ఎర్రచుక్క లేదా అడ్డగీతల గుర్తు అదే కొస మీదకు వచ్చేలా చేయండి. ఐపీస్‌లో బొమ్మ తలకిందులుగా కనిపిస్తే కంగారుపడొద్దు. చాలా టెలిస్కోపుల స్వభావమే అది.

ఎదురు క్వార్టర్ గోడ మీద గురి చూసి సరిపెట్టకూడదా? కూడదు. ఫైండర్‌కూ గొట్టం మధ్యకూ సుమారు 10 సెంటీమీటర్ల ఎడం ఉంటుంది. 10 మీటర్ల దూరంలోని గోడ మీద సరిపెడితే ఆ ఎడమే అర డిగ్రీకి మించిన తేడా అవుతుంది. ఆకాశంలో చందమామ వెడల్పు దాదాపు అర డిగ్రీ. అంటే ఫైండర్ చంద్రుడి మీద ఉన్నా ఐపీస్‌లో చంద్రుడు లేకపోవచ్చు. కిలోమీటరు దూరంలోని వస్తువుతో సరిచేస్తే ఈ తేడా లెక్కలోకి రాదు.

పగటి పని కనుక ఒక హెచ్చరిక. సూర్యుడి వైపు టెలిస్కోపును గానీ, ఫైండర్‌ను గానీ తిప్పొద్దు. గొట్టం ముందు అమర్చే సరైన సౌర ఫిల్టర్ లేకుండా ఒక్క క్షణం చూసినా కన్ను శాశ్వతంగా పోవచ్చు. పిల్లలుంటే పక్కనే ఉండండి.

ఊరు, తేదీ, గంట

సాయంత్రం ట్రైపాడ్‌ను గట్టి నేల మీద పెట్టి, నీటిమట్టం బుడగ చూసి సమంగా నిలపండి. బండి వెళ్లినప్పుడల్లా మేడ అదిరే ఇళ్లలో పెరటి నేలే మేలు. ఉత్తర దిక్కు చూపమంటే సెల్‌ఫోన్ దిక్సూచిని పూర్తిగా నమ్మకండి. స్లాబులోని ఇనుము దాన్ని పక్కకు లాగుతుంది. ధ్రువ నక్షత్రాన్ని చూడండి. ఒక ఊరి అక్షాంశం ఎన్ని డిగ్రీలో అక్కడ ధ్రువుడు దాదాపు అంత ఎత్తున ఉంటాడు. ఖరగ్‌పూర్‌లో అది 22 డిగ్రీలు. చేయి చాపి పిడికిలి బిగిస్తే సుమారు 10 డిగ్రీలు కనుక, దిగంతం నుంచి రెండు పిడికిళ్లకు కాస్త పైన అన్నమాట.

ఇప్పుడు చేతి కంట్రోలర్‌లో వివరాలు. ఖరగ్‌పూర్ రేఖాంశం తూర్పు 87 డిగ్రీల 19 నిమిషాలు, అక్షాంశం ఉత్తరం 22 డిగ్రీల 20 నిమిషాలు. జాబితాలో ఊరు లేదని కోల్‌కతా ఎంచుకుంటే రేఖాంశంలో ఒక డిగ్రీ తేడా వస్తుంది. దాన్ని తరవాతి అమరిక సర్దేస్తుంది. అసలు చిక్కు గంటల దగ్గర. మన సమయం గ్రీన్‌విచ్ కన్నా ఐదున్నర గంటలు ముందు. ఐదు అని కొట్టి ఆ అరగంట వదిలేస్తే ఆకాశం ఏడున్నర డిగ్రీలు పక్కకు జరుగుతుంది. అంటే పదిహేను చందమామల వెడల్పు. డేలైట్ సేవింగ్ అని అడిగితే 'లేదు' అనాలి. తేదీని చాలా కంట్రోలర్లు అమెరికా పద్ధతిలో, నెల ముందు, రోజు తరవాత అడుగుతాయి. ఏప్రిల్ 3ను మనలా 03/04 అని కొడితే అది మార్చి 4 అనుకుంటుంది.

మన గడియారం నడిచేది 82.5 డిగ్రీల రేఖాంశం మీద. 1906లో అమల్లోకి వచ్చిన భారత ప్రామాణిక సమయానికి ఆధారమైన ఈ రేఖ ఆంధ్రలో తుని దగ్గర నుంచి పోతుంది. ఖరగ్‌పూర్ దానికి తూర్పున ఉంది కనుక అక్కడి సూర్యుడు తుని సూర్యుడి కన్నా 19 నిమిషాలు ముందు నడుస్తాడు. ఆ సవరణ మీరు చేయనక్కర్లేదు. రేఖాంశం సరిగ్గా ఇస్తే కంప్యూటరే చూసుకుంటుంది. మీరు చేతిగడియారం సమయమే ఇవ్వాలి.

రెండు నక్షత్రాలు

చివరి మెట్టు అలైన్‌మెంట్. కంప్యూటర్ అడిగిన నక్షత్రాన్ని ముందు ఫైండర్‌లో, తరవాత ఐపీస్ నట్టనడుమకు తేవాలి. ఇక్కడ తెలుగువారిని తికమకపెట్టేది పేర్లు. అవన్నీ మనకు తెలిసినవే, కంట్రోలర్‌లో వేరే వేషంలో ఉంటాయి. ఆర్క్‌టురస్ అంటే స్వాతి. స్పైకా చిత్త. రెగ్యులస్ మఖ. వేగా అభిజిత్. ఆల్టెయిర్ శ్రవణం. ఆల్డెబరాన్ రోహిణి. సిరియస్ లుబ్ధకుడు. కెపెల్లా బ్రహ్మహృదయం.

రెండు నక్షత్రాలూ ఒకదానికొకటి దూరంగా ఉండాలి. నడినెత్తిన ఉన్నదాన్నీ, దిగంతాన్ని అంటుకున్నదాన్నీ వదిలేయండి. జనవరి చివర రాత్రి ఎనిమిదికి బ్రహ్మహృదయం, లుబ్ధకుడు బాగుంటాయి. మే మధ్యలో ఎనిమిదిన్నరకు మఖ, స్వాతి. నవంబరులో ఏడింటికి అభిజిత్, శ్రవణం. నక్షత్రాన్ని నడుమకు తెచ్చేటప్పుడు చివరి కదలిక పైకి, కుడికి ఉండే మీటలతోనే ముగించండి. పళ్లచక్రాల మధ్య వదులు అటు బిగిసి గురి నిలుస్తుంది.

అమరిక కుదిరాక గొట్టాన్ని చేత్తో తిప్పొద్దు. చాలా ప్రారంభ నమూనాల్లో అలా తిప్పితే చేసిందంతా పోతుంది. పెన్సిల్ బ్యాటరీలు నీరసించినా మోటార్లు పిచ్చిగా తిరుగుతాయి. 12 వోల్టుల పవర్ ప్యాక్ ఉంటే ఆ బాధ తప్పుతుంది. చలికాలంలో ముందు అద్దం మీద మంచు పడితే నల్ల అట్టను గొట్టంలా చుట్టి ముందుకు తొడగండి.

ఇంత చేస్తే ఏం కనిపిస్తుంది? యార్డు దీపాల వెలుగులో పాలపుంత కనిపించదు. చంద్రుడి గుంటలు, గురుడి నాలుగు ఉపగ్రహాలు, శని వలయం మాత్రం ఏ పట్టణం మేడ మీద నుంచైనా కనిపిస్తాయి. మొదటి రాత్రి కంప్యూటర్‌కు పెట్టాల్సిన పరీక్ష చంద్రుడే. చంద్రుడని నొక్కినప్పుడు అది ఐపీస్‌లోకి వస్తే మీ లెక్కలన్నీ సరిగ్గా ఉన్నట్టే. రాకపోతే ముందు తేదీ, తరవాత ఆ అరగంట, ఆ తరవాత ఫైండర్ చూసుకోండి. అటక మీది టెలిస్కోపును అమ్మేసే ముందు కూడా ఈ మూడూ ఒకసారి చూడటం మంచిది.