టాబ్లెట్‌లో కంప్యూటర్ నడుస్తుందా?

లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ క్లాసులకని కొన్న టాబ్లెట్లు మన గాంధీనగర్‌లో శానా ఇండ్లల్లో మూలన పడుండాయి. మా ఇంట్లోనూ ఒకటుంది. మనవరాలికి కాలేజీ ప్రాజెక్టు టైపు చేసేదానికి కంప్యూటర్ కావాల. కొనే తాహతు లేదు. "దీంట్లోకే విండోస్ ఎక్కిద్దాం తాతా" అనింది.

బజారులో ఒకాయన, ఉన్నదంతా తుడిచేసి ఎక్కిస్తానన్నాడు. పక్కింటోళ్లు అట్లనే చేయిస్తే వాళ్ల టాబ్లెట్ మళ్లీ వెలగనే లేదు. నేను వద్దంటి.

మిల్లులో ఒక రింగ్ ఫ్రేము బాబిన్ ఇంకో రకం స్పిండిల్‌కు కుదరదు కదా, ఇదీ అంతే. మామూలు కంప్యూటర్లలో ఎక్కువగా ఇంటెల్ జాతి ప్రాసెసర్, టాబ్లెట్లో ఆర్మ్ జాతిది. దానికి చేసిన విండోస్ దీనికి పట్టదు. లినక్స్ సంగతి వేరు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఆ లినక్సే ఆండ్రాయిడ్‌కు అడుగున ఉంది. డెబియన్ అనే లినక్స్ ఆర్మ్‌కూ దొరుకుతుంది, ఉచితం. టర్మక్స్ అనే యాప్ వేసుకుంటే ఆండ్రాయిడ్‌ను తుడవకుండా దాని మీదనే డెబియన్ నడుస్తుంది. దాని తెర చూసేదానికి వీఎన్‌సీ యాప్ ఇంకోటి కావాల. నచ్చకుంటే రెండూ తీసేస్తే సరి, టాబ్లెట్ ఎప్పటిమాదిరే ఉంటుంది. ఆండ్రాయిడ్ 7 కన్నా పాతదైతే మాత్రం పెట్టుకోవద్దండి. డేటా కూడా బాగా తింటుంది.

ఓటీజీ వైరుతో కీబోర్డు, మౌస్ తగిలించినాం. మాది 2 జీబీ ర్యామ్. లిబ్రేఆఫీస్ తెరుచుకునేలోపల నా టీ అయిపోయింది. పిల్ల విసుక్కుంటానే 22 పేజీలు టైపు చేసింది. ప్రింటుకు మాత్రం సెంటరుకే పోయినాం.