ముక్కున గోళము ధరించిన ఫైరింజను

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని చిన్న ఊళ్లయందు అగ్నిమాపక కార్యము నేటికిని చాలవరకు స్వచ్ఛంద సేవకుల చేతిలోనే యున్నది. అచ్చటి అగ్నిమాపకులలో రమారమి మూడింట రెండు వంతులమంది జీతము లేనివారే. పగలెల్ల వడ్రంగము చేయువాడును, బడిలో పాఠము చెప్పువాడును గంట మ్రోగినంతనే చేతిపని విడిచి షెడ్డునకు పరుగెత్తుదురు. ఇట్టి దళములకు మూలపురుషుడుగా బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ను చెప్పుట పరిపాటి. 1736లో ఆయన ఫిలడెల్ఫియాలో యూనియన్ ఫైర్ కంపెనీని నెలకొల్పినప్పుడు, సభ్యుడైన ప్రతివాడును నీరు మోయుటకు తోలుబాల్చీలను, కాలుచున్న యింటిలోని సామానును మూటగట్టి బయటికి తెచ్చుటకు సంచులను సిద్ధముగా నుంచుకొనవలెనని నియమము చేసిరి. ఈనాడు ఇట్టి దళములలో కొన్నింటి షెడ్లలో వెనుకమూలను ఒక పాత యింజను నిలిచియుండును. విందులు పెట్టి, చందాలు పోగుచేసి తాతలు కొన్న యంత్రమది. మంటలకు పోవుట మాని దశాబ్దములు గడచినను దానిని అమ్మివేయుటకు ఎవరికిని మనసొప్పదు.

అట్టివానిలో ఔత్సాహికులు విశేషముగా ఆరాధించునది ఒహాయో రాష్ట్రమున సిన్సినాటి నగరములో తయారైన ఆహ్రెన్స్-ఫాక్స్. తక్కిన యింజనులలో పంపు సాధారణముగా బండి నడుమ దాగియుండగా, దీనిలో రేడియేటరుకంటె ముందు, క్రాంకుషాఫ్టు కొసచేతనే త్రిప్పబడునట్లు, అందరికిని కనబడుచు బయటనే యున్నది; ఆ పంపు మీద తళతళలాడు లోహగోళ మొకటి. ఊరేగింపులో చూచినవారు పిల్లలేమి, పెద్దలేమి, దానిని అలంకారమని యనుకొందురు. యంత్రమంతటిలోను ముచ్చటైన శాస్త్రసూత్రము దానిలోనే యిమిడియున్నది.

ఈ యంత్రము సిన్సినాటిలో పుట్టుటయే ఒక వినోదము. ఏలయన, స్వచ్ఛంద దళముల ప్రాభవమునకు మొట్టమొదట గండికొట్టిన నగరమదియే. 19వ శతాబ్ది మధ్యభాగమున అచ్చటి దళములు మంటతోకంటె తమలో తామే హెచ్చుగా పోరాడుచుండెడివి. ఎవరు ముందు చేరిరను తగవు ముదిరి ముష్టియుద్ధములు సాగుచుండగా, రక్షింపవలసిన కట్టడము బూడిదయైన సందర్భమును కలదు. విసిగిన నగరపాలకులు షాక్, లాటా అనువారి పనితనముతో ఆవిరియింజను నొకదానిని నిర్మింపించి, దానికై పట్టుబట్టిన నగరసభ్యుని పేర ‘అంకుల్ జో రాస్’ అని పిలిచి, 1853 ఏప్రిలు 1న జీతగాండ్ర దళమును స్థాపించిరి. ఆవిరి పనిచేయుచుండగా పంపుకొయ్య పట్టి ఊగు గుంపుతో నిమిత్తమేమి? అట్టి నగరమునుండి వచ్చిన మోటారింజనునే తరువాతి తరముల స్వచ్ఛంద దళములు కన్నబిడ్డవలె చూచుకొనుచున్నవి.

ఆహ్రెన్స్-ఫాక్స్ పంపు ముషలకములతో నడచునది; ఆ జాతి పంపు మిక్కిలి ప్రాచీనము. క్రీస్తునకు పూర్వము 3వ శతాబ్దిలోనే అలెగ్జాండ్రియా వాసియైన క్టెసిబియస్ జంట సిలిండరుల పంపును కల్పించెనని ప్రతీతి. దానికి పుట్టుకతో వచ్చిన దోషమొకటి కలదు. మన వీధి బోరింగును కొట్టునప్పుడు నీరు దెబ్బదెబ్బకు ఎగిసి, నడుమనడుమ సన్నగిల్లునట్లు, దీనిలోను ప్రవాహము ఒక సమముగా సాగదు. నిమిషమునకు 1,000 గ్యాలనులు, అనగా సుమారు 3,785 లీటర్లు, చిమ్ము యంత్రములో ఈ ఎగుడుదిగుడు సామాన్యమైన చిక్కు కాదు. గొట్టము పట్టినవాని భుజమును కుదుపును, గొట్టపు అతుకులను వదులుచేయును. పలు సిలిండరులను వంతులవారీగా పనిచేయించినను మిగులు కుదుపును మ్రింగుటకే గోళము. నీటిని అణచుట దాదాపు అసాధ్యము, గాలిని అణచుట సులభము. కావున ముషలకము నెట్టినప్పుడు అదనపు నీరు గోళములోనికి చొచ్చి అందలి గాలిని కుదించును, నెట్టు సడలినప్పుడు ఆ గాలియే వ్యాకోచించి నీటిని వెలికి త్రోయును. 18వ శతాబ్దిలో లండనులో న్యూషామ్ చేసిన చేతిపంపులలోను ఈ గాలిగది యుండెను. ఆహ్రెన్స్-ఫాక్స్ వారు దానిని దాచక ముందుకు తెచ్చి మెరుగుపెట్టిరి.

పల్లెలలో ఈ పంపునకు మరియొక గొప్ప కలదు. చెరువునుండి నీటిని పీల్చుట యనగా నిజమునకు పంపు లాగుట కాదు. పీల్పు గొట్టములో గాలి పలుచబడగా, చెరువుపైని వాతావరణ పీడనమే నీటిని పైకి నెట్టును. సముద్రమట్టమున ఆ నెట్టుడు సిద్ధాంతరీత్యా 10.3 మీటర్లకు మించదు. ఆచరణలో ఆరేడు మీటర్లకే దమ్ము చాలును. ముషలకములు ఆ గాలిని తామే తోడివేయగలవు. అపకేంద్ర పంపునకు ఆ శక్తి లేదు, ముందుగా నీటితో నింపవలెను. అయినను తేలికయు చౌకయు నగుటచేత కడకు గెలిచినది అదియే, 1950 దశకము ఆరంభముతో గోళపు ఇంజనుల కాలము చెల్లినది.

ఇక పునరుద్ధరణ. చిరకాలము నిలిచిపోయిన ఇంజనును చూచి ఉత్సాహముతో హ్యాండిలు త్రిప్పుటకంటె అపచారము లేదు. తుప్పుతో కరచుకొన్న ముషలకము విరుగును గాని కదలదు. స్పార్కుప్లగ్గులు విప్పి, ఆ రంధ్రములగుండ పలుచని నూనె పోసి వారములకొలది ఊరనిచ్చుటయే మార్గము. చిన్న ఇనుప భాగములను చాకలిసోడా కలిపిన నీటిలో ముంచి, బ్యాటరీ ఋణధ్రువమునకు తగిలించి, ధనధ్రువమునకు పాత ఇనుపరేకును కట్టినచో, తుప్పు వదులై లోహము చెక్కుచెదరక బయటపడును. పాత ప్యాకింగులో రాతినార, పాత రంగులో సీసము ఉండవచ్చును గనుక, పొడిగా గీకుట ప్రమాదకరము.

అరిగిన బేరింగులను తిరిగి పోయుట చూడదగినది. తగరము ప్రధానముగా, ఆంటిమొని, రాగి కలిసిన బాబిట్ లోహమును మూసలో కరగించి, పోతకు అచ్చుగా నిలిపిన ఇనుపకడ్డీకి దీపపు మసి పట్టించి, సందులను బంకమట్టితో మూసి, అచ్చును ముందే వేడిచేసి, ఆగకుండ ఒక్కధారగా పోయుదురు. ధార తెగినచో అతుకు పడును, అచ్చు చల్లగా నున్నచో లోహము అంటుకొనదు. పిదప షాఫ్టునకు నీలిరంగు పూసి త్రిప్పి, రంగంటిన ఎత్తులను మాత్రమే చురకత్తితో గోకుచు, రంగు అంతటను సమముగా అంటువరకు మరల మరల చేయుదురు.

బండిపై పేర్లు వ్రాయుటకు వాడు బంగారురేకు మందము మిల్లీమీటరులో పదివేలవ వంతు మాత్రమే; వ్రేలితో తాకిన చినుగును గనుక, చెంపకు రాచిన వెడల్పాటి కుంచెతో ఎత్తి జిగురుపై దించుదురు. క్రొత్త అక్షరములకు ముందు, పైపూతలను ఓపికతో పలుచబరచి, అడుగున నున్న తొలి అక్షరముల ఆనవాళ్లను కాగితముపై ఎత్తుకొనుట యోగ్యుల పద్ధతి. కొందరు ఈ యోపిక లేక ఫ్యాక్టరీలో సైతము ఎన్నడును లేనంత మెరుపును పట్టింతురు. నా మట్టుకు, మూడు తరముల బూట్లు అరగదీసిన మెట్టును నున్నగా సరిచేయుట మరమ్మతు కాదు, చెరిపివేత.

గోళమును పరీక్షించుటలో మాత్రము ఉదాసీనత పనికిరాదు. దానిని గాలితో నింపి పరీక్షింపరాదు; కుదింపబడిన గాలి అపారశక్తిని దాచుకొనును, పాత లోహము పగిలినచో ఆ శక్తి ప్రేలుడై బయటపడును. నీటితో నింపి పీడించినచో పగిలినను ప్రాయికముగా కారుటతో సరిపోవును. పంపు చాలసేపు నడచినపుడు పీడనమునకు లోబడి గోళములోని గాలి కొద్దికొద్దిగా నీటిలో కరగిపోవును. గొట్టములో పాత కుదుపు మరల తలయెత్తినచో పంపు చెడినదని భయపడనక్కరలేదు, గోళమును ఖాళీచేసి గాలి చేరనిచ్చిన చాలును. చెరువునొద్ద పరీక్ష ముగిసినంతనే పంపునకు దిగువనున్న కుళాయిలన్నియు విప్పి చివరి చుక్కవరకు వంపుదురు. నీరు గడ్డకట్టునప్పుడు సుమారు నూటికి 9 వంతులు పెరుగును గనుక, చలిరాష్ట్రములలో మరచిన గరిటెడు నీరు ఒక్క రాత్రిలో పంపు గోడను పగులగొట్టగలదు.