మడతల విసనకర్ర... మన పెరట్లో!

పచ్చటి కాగితాన్ని మడతలు పెట్టి, అంచుల్ని కత్తెరతో పళ్లుపళ్లుగా కత్తిరించి, కాడకు గుచ్చినట్టుంటుంది ఆ ఆకు. తాటాకులా చీలికలుండవు. గుండ్రంగా, నిండుగా పరచుకుంటుంది. చూసినవాళ్లు ఓసారి తాకి, నిజమైనదేనా అని పరీక్షించి మరీ వెళ్తారు. అదే లికువాలా గ్రాండిస్. నర్సరీవాళ్లు ఎక్కువగా ఫ్యాన్ పామ్ అనేస్తుంటారు. అసలు చిక్కంతా ఆ పేరుతోనే. ఎందుకంటే విసనకర్రలాంటి ఆకులున్న పామ్ మొక్కలన్నిటికీ ఆ పేరే మరి!

ఎక్కడిదీ మొక్క?

దీని పుట్టిల్లు దక్షిణ పసిఫిక్‌లోని వనువాటు, సాలమన్ దీవులు. అక్కడి వానలకు తడిసే అడవుల్లో, పెద్ద చెట్ల నీడన పెరుగుతుంది. వృక్షశాస్త్రజ్ఞులు మొదట దీన్ని ప్రిచార్డియా అనే మరో జాతిలో చేర్చి, తర్వాత లికువాలాలోకి మార్చారు. ఈ జాతి మనకు పూర్తిగా కొత్తదేమీ కాదు. లికువాలా పెల్టాటా మన ఈశాన్య రాష్ట్రాల్లో, లికువాలా స్పైనోసా అండమాన్ నికోబార్ దీవుల్లో సహజంగానే పెరుగుతాయి. ఇక గ్రాండిస్ కావాలంటే తూర్పుగోదావరి జిల్లా కడియం, కడియపులంక నర్సరీల్లో దొరుకుతుంది.

గుర్తుపట్టేదెలా?

కొనేముందు ఆకును, కాడను, కాండాన్ని పరీక్షగా చూడాలి. గ్రాండిస్ ఆకు చీలకుండా ఒకే పలకలా ఉంటుంది. ముదిరితే మూడడుగుల వెడల్పు వరకూ వస్తుంది. కాడ అడుగుభాగంలో రెండంచులా చిన్న ముళ్లుంటాయి. కాండం ఒక్కటే, పక్కన పిలకలు రావు. కాయలు పండితే ఎర్రగా, గుత్తులుగా వేలాడతాయి.

ఆకు మధ్యకంటా చీలి, ఒకే మొదట్లో బోలెడన్ని పిలకలుంటే అది స్పైనోసా. సన్నటి వెదురులాంటి కాండాలు గుంపుగా ఉండి, కాడలకు ముళ్లు లేకపోతే రాపిస్. ఆకు పెద్దదై, కాడ నున్నగా ఉంటే ప్రిచార్డియా కావచ్చు. ఎక్కువమంది పొరబడేది మాత్రం లివిస్టోనా రొటండిఫోలియా దగ్గర. చిన్నప్పుడు దాని ఆకూ గుండ్రంగానే ఉంటుంది, కాడకు ముళ్లూ ఉంటాయి. అయితే ఆకు అంచు వేళ్లలా చీలి ఉంటుంది. పొరపాటున దాన్ని కిటికీ పక్కన నాటితే కొన్నేళ్లకు మేడను దాటిపోతుంది. గ్రాండిస్ అయితే పదడుగుల దగ్గరే ఆగిపోతుంది.

ఎండ పడదు

ఈ మొక్కను చంపేది చాలాసార్లు మన ఎండే. మే నెల ఎండలో ఆకులు మాడితే మళ్లీ కోలుకోవు. కొత్త ఆకులు రావాల్సిందే, అవేమో ఏడాదికి కొన్నే వస్తాయి. అందుకే లేత ఎండ మాత్రమే తగిలే తూర్పువైపో, మామిడి చెట్టు నీడో, వెలుతురు బాగా వచ్చే వరండానో చూసుకోవాలి. వడగాలి, ఈదురుగాలి తగిలితే వెడల్పాటి ఆకు చిరిగిపోతుంది. కోస్తాలోని తేమ దీనికి హాయి. హైదరాబాద్‌లాంటి చోట్ల వేసవిలో నీడవల కట్టి, రోజూ ఆకుల మీద నీళ్లు చిలకరించాలి. చలికాలంలో 10 డిగ్రీల కంటే తగ్గే ప్రాంతాల్లో కుండీని రాత్రిళ్లు లోపల పెట్టుకోవడం మేలు.

మట్టి ఎప్పుడూ చెమ్మగా ఉండాలి, నీళ్లు మాత్రం నిలవకూడదు. ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు, వర్మికంపోస్టు, కాస్త ఇసుక కలిపితే సరిపోతుంది. ఆకు కొనలు గోధుమరంగుకి మారుతున్నాయంటే గాలిలో తేమ చాలడం లేదనో, నీళ్లలో ఉప్పు ఎక్కువైందనో అనుకోవాలి. ఆర్వో యంత్రం వదిలే నీళ్లు అసలు పోయొద్దు. పట్టి ఉంచిన వాన నీళ్లు శ్రేష్ఠం.

పిండినల్లి, పొలుసు పురుగు కనిపిస్తే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లాలి. పసుపు పడుతున్న పాత ఆకుల్ని తొందరపడి కోయకూడదు. వాటిలోని పొటాషియాన్ని మొక్క కొత్త ఆకులకు అందిస్తుంటుంది. పూర్తిగా ఎండాకే తీయాలి. నడిమి మొవ్వును మాత్రం ఎప్పుడూ ముట్టుకోవద్దు. కొబ్బరిలాగే దీనికీ ఉన్నది ఆ ఒక్క మొవ్వే, అది పోతే చెట్టే పోతుంది.

గింజతోనే వంశం

కొమ్మ నాటితే రాదు, పిలకలూ ఉండవు. గింజే ఆధారం. తాజా పండు గుజ్జు తీసి, ఒకట్రెండు రోజులు నానబెట్టి, చెమ్మగా ఉన్న కొబ్బరిపొట్టులో నాటాలి. మొలకెత్తడానికి నెలలు పడుతుంది. ఆ తర్వాతా ఎదుగుదల నెమ్మదే. కొద్దిగా పెద్ద మొక్క కాస్త ఖరీదు ఎక్కువ ఉండేది అందుకే. ఓపిక ఉన్నవాళ్లకు ఆ నెమ్మదే వరం కూడా... ఏటా కుండీ మార్చే పని లేదు, కొమ్మలు కత్తిరించే బాధా లేదు. నీడ, నీళ్లు సరిగ్గా అందితే చాలు, వరండా మూల ఏళ్ల తరబడి పచ్చగా విసురుతూనే ఉంటుంది!